దిబ్బకి వచ్చిన బోర్డు

మా తోటని ఎవరూ ఎప్పుడూ ఊడ్చి ఎరగరు. తోటన్నాక ఆకులు రాలతాయి, కాయలు కుళ్ళుతాయి, కొమ్మలు విరుగుతాయి. ఎక్కడ పడ్డవి అక్కడే ఉంటాయి. నా పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నది అదే. దాన్ని ఊడ్చింది మా తోడికోడలు. అదీ నా మేలు కోరి ఊడ్చింది.

ముందు తోట సంగతి చెప్పాలి. అది కోకో తోట, వాలు మీద ఉంటుంది. కింది చెక్కలో, అంటే కింది సగంలో, అరటి చెట్ల మధ్య కోకో వేశారు, అక్కడ ఎండ బాగా పడుతుంది. పై చెక్కలో పాత అడవి చెట్లని అలాగే ఉంచి వాటి కింద వేశారు. ఆ చెట్లు కొట్టకుండా ఉంచింది మా ఆయన. ఎందుకుంచావని ఎవరైనా అడిగితే, "కొట్టడానికి ఒళ్ళు వంగక" అనేవారు. ఆయన పోయాక తోట నాకూ మా మరిదికీ మిగిలింది. పంచుకోలేదు. పంచుకుంటే గింజలు పులియబెట్టే పెట్టెలు విడివిడిగా కావాలి, ఆరబెట్టే షెడ్డు ఇంకోటి కావాలి, పోట్లాడుకోవడానికి కొత్త మనుషులు కావాలి.

మా మరిది ఎక్కడికో వెళ్ళి ఎవరిదో తోట చూసొచ్చాడు. అక్కడ నీడ చెట్టన్నది లేదట. నెత్తిన ఎండ, ఒంటి నిండా కాయ. అప్పట్నుంచి అన్నం తింటూ కూడా కిటికీలోంచి పై చెక్క వైపే చూసేవాడు.

"వదినా, ఆ చెట్లు ఏం చేస్తున్నాయి చెప్పు."

"నిలబడ్డాయి."

"నిలబడి?"

"నీడనిస్తున్నాయి."

"ఎవరికి?"

"నాకు."

నిజానికి నా దగ్గర అంతకన్నా గొప్ప కారణం లేదు. పని అయ్యాక పై చెక్కలో ఒక పెద్ద వేరు మీద కూర్చుంటాను. మా ఆయన కూడా అక్కడే కూర్చునేవారు. మేము పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఇప్పుడూ మాట్లాడుకోవడం లేదు కాబట్టి, అక్కడ కూర్చుంటే నాకు పెద్ద తేడా తెలియదు. మిగతా చోట్ల తెలుస్తుంది.

ఆ వేసవంతా వాదించుకున్నాం. ఆఖరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మా గింజలు కొనే సంఘం వాళ్ళు కొత్తగా ఒక పద్ధతి పెట్టారు. అడవి చెడకుండా ఉంచిన తోటకి ఒక బోర్డు ఇస్తారు. బోర్డున్న తోట గింజలు ముందు కొంటారు. మా తోటకి ఆ బోర్డు వస్తే చెట్లు ఉంటాయి. రాకపోతే మా మరిది రంపం మిషను పిలిపించి పై చెక్క కొట్టించేస్తాడు. బోర్డు వస్తుందని నాకు గట్టి నమ్మకం. రాదని అతనికి గట్టి నమ్మకం. ఇద్దరికీ నమ్మకముంటే ఒప్పందం తొందరగా కుదురుతుంది.

తోట చూడటానికి సంఘం నుంచి మనిషి వస్తున్నట్టు కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే నాకు కంట్లో పొర తీయించుకునే పని పడింది. ఆసుపత్రికి వెళ్ళి, మా అక్క ఇంట్లో కొన్నాళ్ళుండి, వాళ్ళు రావడానికి ముందు రోజు సాయంత్రానికి తిరిగొచ్చాను.

బండి దిగి తోట వైపు చూస్తే నేల కనిపించింది. ఎర్రగా, నున్నగా, చీపురు గీతలతో, దువ్విన తలలా ఉంది. చెట్ల మొదళ్ళు నడుం ఎత్తు దాకా తెల్లగా మెరుస్తున్నాయి. కొమ్మల మధ్య ఒక్క సాలెగూడు లేదు. ఇన్నేళ్ళూ పొర అడ్డమై ఇదంతా చూడలేకపోయాను కాబోలు, డాక్టరు చెయ్యి మంచిది అనుకున్నాను.

ఇంతలో చీపురు పట్టుకుని మా తోడికోడలు ఎదురొచ్చింది. మా వీధిలో ఈమెని అద్దం అంటారు, ఆమె వినకుండా. ఆమె ఇంట్లో నేల మీద మొహం చూసుకోవచ్చు. గ్లాసు కింద పెట్టేలోగా తీసుకెళ్ళి కడిగేస్తుంది, తాగడం అయిందా లేదా అన్నది తర్వాత చూసుకుంటుంది.

"చూశావా అక్కా?"

"చూశాను. ఎవరి తోటే ఇది?"

"మనదే! నీ చెట్ల కోసమే చేశానక్కా. వచ్చేవాళ్ళ ముందు మన తోట అలా జుట్టు విరబోసుకుని ఉంటే బోర్డు ఎవరిస్తారు?"

"సున్నం ఎవరు వేశారు?"

"ఇంకెవరు, మీ మరిదే."

ఆమె వెనకాలే వస్తున్న మరిది వంక చూశాను. అతని చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

"బోర్డు రాకూడదని కదయ్యా నీ కోరిక?"

"ఒప్పందం వేరు వదినా, పరువు వేరు. ఇంటికి మనిషొస్తుంటే మాసిన బట్టలతో నిలబడతామా?"

ఇది తప్పేమో అనిపించింది గానీ, ఎందుకో నాకే తెలియదు. ఆకుల కింద ఏముందో నేనూ ఎప్పుడూ చూడలేదు. పురుగులుంటాయని మాత్రం తెలుసు. పురుగులున్న ఇంటిని మెచ్చుకునేవాళ్ళు ఉంటారా అనుకున్నాను. ఆకులూ కుళ్ళిన కాయలూ ఏం చేశావని అడిగితే, "కనబడకుండా పెట్టాలే" అంది అద్దం.

సంఘం ఆవిడ పొద్దున్నే వచ్చింది. సన్నగా పొడవుగా ఉంది. కాళ్ళకి బూట్లు, భుజాన సంచి. తోట మొదట్లో ఆగి, నేల చూసి, బూట్లు విప్పబోయింది.

"పరవాలేదండీ, అలాగే రండి," అంది అద్దం. కానీ ఆ బూట్ల వంకే చూస్తూ అంది.

సంచిలోంచి ఆవిడ చెక్క చట్రం ఒకటి తీసింది, పలకలోంచి రాయి తీసేసినట్టు నాలుగు అంచులే ఉన్నాయి. దాన్ని నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దంతో లోపల వెతికింది. లేచి ఇంకో చోట పెట్టింది. మళ్ళీ వెతికింది. పై చెక్కలోకి వచ్చి పెద్ద చెట్టు కింద పెట్టింది. మేం ముగ్గురం వెనకే నడిచాం.

"ఒక్క పురుగు లేదు కదండీ?" అంది అద్దం.

"లేదండీ," అంది ఆవిడ.

"ఇంకా వెతకండి. మొహమాటపడకండి. ఒక్కటి దొరికితే నా పేరు మార్చుకుంటా."

ఆవిడ వెతికింది. ఒక చీమ దొరికింది. అదీ దారి తప్పి వచ్చినట్టే ఉంది, చట్రం అంచు పట్టుకుని గుండ్రంగా తిరుగుతోంది.

"అది మీ సంచిలోంచి వచ్చుంటుంది," అంది అద్దం.

ఆవిడ మొహం అంతకంతకీ చిన్నబోయింది. పైకి చూసి, "చెట్లు చాలా బావున్నాయి," అంది, రోగి బతకడని తెలిశాక దుప్పటి బావుందన్నట్టు. మా మరిది గెలిచినందుకు సంతోషించాలో, అంత సున్నం వృథా అయినందుకు బాధపడాలో తెలియక మెడ గోక్కుంటూ నిలబడ్డాడు.

"రాలిన ఆకులన్నీ ఏం చేశారండీ?" అంది ఆవిడ.

"ఏ ఆకులండీ?" అంది అద్దం.

చేతులు కడుక్కుని వస్తానని ఆవిడ షెడ్డు వెనక్కి వెళ్ళింది. టీ పోసి పెట్టాం. టీ చల్లారింది. మళ్ళీ వేడి చేశాం. ఆవిడ రాలేదు. అప్పుడు అద్దానికి ఏదో గుర్తొచ్చి, "అయ్యో, అయ్యో," అంటూ షెడ్డు వెనక్కి పరిగెత్తింది. మేమూ వెళ్ళాం.

షెడ్డు వెనక ఒక దిబ్బ ఉంది. దాని మీద టార్పాలిన్ కప్పి, అంచులకి రాళ్ళు పెట్టి, పైన చక్కగా ఉతికిన గోనెసంచులు ఆరేసి ఉన్నాయి. అది దిబ్బ అని తెలియకుండా అద్దం చేసిన ఏర్పాటు అది. సంఘం ఆవిడ టార్పాలిన్ సగం ఎత్తి, దాని కిందకి నడుం దాకా దూరి ఉంది. బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"అటు చూడకండి! అది మాది కాదు!" అంది అద్దం.

ఆవిడ బయటికొచ్చింది. జుట్టు నిండా ఆకు నుసి. చేతిలో ఏదో పాకుతోంది. మొహం పెళ్ళికూతురిలా వెలిగిపోతోంది.

"ఎంత బావుందండీ మీ చెత్త!"

అద్దం అక్కడే ఉన్న గోనెసంచి తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.

తోటలో ఉన్న జీవులన్నీ అక్కడే ఉన్నాయి. జెర్రులు, రోకలిబండ పురుగులు, పేడపురుగులు, నత్తలు, ఆకు కింద ఆకులా కూర్చున్న కప్పలు. వాటిని ఊడ్చి అక్కడ పోస్తే అవి అక్కడే కాపురాలు పెట్టాయి. ఆవిడ చట్రం పెట్టి, అందులో చోటు చాలక బయటికి పారిపోతున్న వాటిని చేత్తో ఆపుతోంది. కుళ్ళిన కాయ ఒకటి విప్పి మమ్మల్ని దగ్గరికి రమ్మంది. దాని లోంచి కంటికి ఆననంత చిన్నవి, నుసుముల్లాంటివి, పొగలా లేచాయి.

"మీ కోకో పూవుని కాయ చేసేది ఇవేనండీ. తేనెటీగ ఆ పూవులో పట్టదు. ఇవి పడతాయి. ఇవి పుట్టేది కుళ్ళులోనే. అదీ తడి ఆరకూడదు. ఎండ తగిలితే చచ్చిపోతాయి."

"ఇంత కూడా లేవు, ఇవి కాయ కాయిస్తాయా?" అన్నాడు మా మరిది.

"మీరు కాయించగలరా?" అంది ఆవిడ. వెటకారంగా కాదు, తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

టీ తాగుతూ ఆవిడ తేల్చి చెప్పింది. తోటలో చట్రానికి ఏమీ దొరకలేదు కాబట్టి తోటకి బోర్డు ఇవ్వడానికి లేదు. దిబ్బలో దొరికినన్ని ఆవిడ ఎక్కడా చూడలేదు కాబట్టి దిబ్బకి ఇవ్వకుండా ఉండటానికీ లేదు. దిబ్బకి ఇదివరకు ఎక్కడైనా ఇచ్చారా అని నేను అడిగాను. లేదంది. వచ్చే ఏడు మళ్ళీ వస్తానని చెప్పి, సంచిలోంచి రేకు బోర్డు తీసి, దిబ్బ నడినెత్తిన పాతి వెళ్ళిపోయింది.

కంట్లో పొర తీశాక నాకు చదవడం కొత్త. కూడబలుక్కుని పైకి చదివాను: "ఇక్కడ జీవరాశి క్షేమంగా ఉంది."

"పెద్దగా చదవకక్కా, వీధిలో వాళ్ళు వింటారు," అంది అద్దం.

ఆవిడ బండి మలుపు తిరగకముందే మా మరిది మొదలుపెట్టాడు.

"తోటకి బోర్డు రాలేదుగా వదినా?"

"వచ్చింది."

"దిబ్బకొచ్చింది."

"దిబ్బ తోటలో ఉందా, వీధిలో ఉందా?"

"చూడు వదినా, నేను మాట తప్పేవాణ్ణి కాదు. ఏ చోటుకి బోర్డు వచ్చిందో ఆ చోటు జోలికి వెళ్ళను. దిబ్బ మీద చెయ్యి వేస్తే నన్నడుగు. దిబ్బంతా నీదే. పై చెక్కకి రాలేదు కాబట్టి పై చెక్క కొట్టిస్తా."

ఒప్పందం చేసుకున్నప్పుడు దిబ్బ గురించి ఎవరికి తోస్తుంది?

రంపం మిషను అతను వచ్చాడు. చెట్లన్నీ చూసుకుంటూ వెళ్ళి, పై చెక్క చివర ఎండిపోయి నిలబడ్డ పెద్ద మాను దగ్గర ఆగాడు. మొదట దీన్ని పడేస్తే మిగతావి పడెయ్యడానికి దారి వస్తుందన్నాడు. అన్నవాడు మిషను కింద పెట్టి పైకి చూస్తూ నిలబడ్డాడు. ఆ మాను తొర్రలో పెద్ద ముక్కు పక్షుల జంట ఏటా గూడు పెడుతుంది. ఆడది తొర్రలోకి వెళ్ళి, లోపల్నుంచి మట్టితో గుమ్మం మూసేసుకుంటుంది. సన్నటి సందు ఒకటి ఉంచుకుంటుంది. మగది పళ్ళు తెచ్చి ఆ సందులోంచి నోటికి అందిస్తుంది. పిల్లలు పెద్దయ్యేదాకా ఆడది బయటికి రాదు.

"లోపలుందా?" అన్నాడు అతను.

"ఉంది," అన్నాను.

"పిల్లల్ని కనడానికేనా?"

"మరి దేనికనుకున్నావు?"

అతను మిషను మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "మా ఆవిడకి నెలలు నిండుతున్నాయండీ. ఇప్పుడు నేను దీన్ని కొడితే ఇంట్లో నాకు అన్నం పెట్టరు. అది బయటికొచ్చాక కబురు చెయ్యండి."

"ఇంకో మిషనతన్ని పిలుస్తా," అన్నాడు మా మరిది.

"పిలవండి. మా బావమరిదే. వాడికి నేను చెప్పేస్తాను."

అలా చెట్లకి గడువు దొరికింది. మట్టి గుమ్మం ఎప్పుడు పగులుతుందా అని మా మరిది రోజూ వెళ్ళి చూసేవాడు. పగలకూడదని నేనూ వెళ్ళి చూసేదాన్ని. ఒకరికొకరం ఎదురుపడితే వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం. అద్దం ఒక్కతే పక్షి గురించి మాట్లాడేది. "గోడ కట్టుకుని మరీ లోపల కూర్చుంది. లోపల ఎంత చెత్త పేరుకుందో ఏమో," అనేది. మగపక్షి పళ్ళు మోస్తుంటే మొగుడికి చూపించి, "చూస్తున్నారా? చూడండి, చూస్తే తప్పులేదు," అనేది.

ఈలోగా కోకోకి పూత వచ్చింది. కోకో పూవు కొమ్మ చివర పూయదు. మొదలు మీదే, బెరడు లోంచి, తెల్లటి చిన్న చుక్కల్లా పొడుచుకొస్తుంది. ఆ ఏడు పూత చూసి మా మరిది ఈల వేశాడు. మాను మానంతా పూవే.

తర్వాత పూలు రాలడం మొదలైంది.

అద్దం ఊడవడం మానలేదు. ఒకసారి తళతళలాడించాక మళ్ళీ మసకబారనివ్వడం ఆమె వల్ల కాదు. ఆవిడ చెప్పింది విన్నావుగా, ఊడవకే అని నేను అంటే, "ఆవిడ బోర్డు దిబ్బకిచ్చింది. తోట మనది," అనేది. పొద్దున్నే చీపురు పట్టుకుని వెళ్ళేది. మొదట్లో చేటెడు పూలు ఎత్తేది. తర్వాత గంపెడు.

"ఈ చెట్లకి సిగ్గు లేదక్కా. ఊడ్చి వెనక్కి తిరిగేసరికి మళ్ళీ రాలుస్తాయి. నడుం పడిపోతోంది."

"పూలు రాలిపోతే కాయలెక్కడివే?" అన్నాను.

ఆమె చీపురు ఆపి నా వంక చూసింది. ఊడ్చే చెత్తని చెత్తలాగే చూసింది తప్ప, అది కాయ కావలసిన పూవని ఆమెకి అప్పటిదాకా తట్టలేదు.

మా మరిది నీడ వల్లే అన్నాడు. నీడకి పూత నిలవదట. కింది చెక్కలో ఎండే కదా, అక్కడా రాలుతోందే అంటే, అక్కడ గాలి అన్నాడు. గాలి లేని రోజు చూపిస్తే, నిన్నటి గాలి అన్నాడు. 

షెడ్డు పక్కన, దిబ్బకి దగ్గరగా, ఒక ముసలి కోకో చెట్టుంది. దాని పేరు గొడ్డుది. మా అత్తగారు పెట్టిన పేరు. ఎప్పుడో ఒక కాయ కాస్తే అదీ ఉడత తినేది. ఒక రోజు అద్దం గంప దిబ్బ మీద బోర్లించి అక్కడే నిలబడిపోయింది. నన్ను కేక వేయలేదు. నేనే వెళ్ళాను. గొడ్డుదాని మొదలు పొడుగునా వేలి పొడవు పిందెలు, పిల్లలు తల్లి కాళ్ళు పట్టుకుని వేళ్ళాడినట్టు వేళ్ళాడుతున్నాయి. దాని పక్క చెట్టుకీ ఉన్నాయి. ఆ పక్కదానికీ ఉన్నాయి. దిబ్బకి దూరమైన కొద్దీ తగ్గి, షెడ్డు దాటాక ఒక్కటి లేదు.

అద్దం గంప వంక చూసింది. గంపలో ఇంకా నాలుగు పూలు అంటుకుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి, ఏం చేయాలో తెలియక, గొడ్డుదాని మొదట్లో పెట్టింది.

"నేనే చేశానా అక్కా?"

"నువ్వొక్కదానివే కాదు. సున్నం మీ ఆయనే వేశాడు," అన్నాను.

మర్నాడు పొద్దున చీపురు చప్పుడు వినబడలేదు. లేచి చూస్తే అద్దం నెత్తిన గంపతో వాలు ఎక్కుతోంది.

"ఏంటే అది?"

"చెత్త."

"ఎక్కడికి?"

"ఎక్కడి నుంచి తెచ్చానో అక్కడికే."

మొదట కింది చెక్కలో పరిచింది, దగ్గరని. ఒక్కో చెట్టు మొదట్లో గుండ్రంగా, అంచులు సమంగా, చేత్తో తట్టి మరీ పరిచింది. కుళ్ళిన కాయలని వరసలో పేర్చింది. ఎవరైనా చూస్తే భోజనాలకి కూర్చోబెడుతున్నారు అనుకుంటారు. కానీ అక్కడ ఎండకి ఆకులు కాగితాల్లా ఎండి, గాలికి లేచి షెడ్డులోకి వచ్చాయి. కాయలు రాళ్ళయ్యాయి. జెర్రులు నడిచి దిబ్బకి తిరిగొచ్చాయి. అప్పుడు ఆమె పై చెక్కకి మోయడం మొదలుపెట్టింది. అక్కడ తడి ఆరలేదు. పెద్ద చెట్ల కింద పరిచింది పరిచినట్టే మెత్తబడి, నల్లబడి, ఆవిరి పట్టింది. నేనూ ఒక గంప తీసుకున్నాను. నా వరసలు వంకరగా వస్తున్నాయని నా వెనకే వచ్చి సరిచేసేది.

దిబ్బ తరిగిపోవడం మా మరిది కనిపెట్టాడు. కనిపెట్టి కూడా కొన్నాళ్ళు ఊరుకున్నాడు. దిబ్బ జోలికి వెళ్ళనని మాటిచ్చాడు కదా, చూడటం కూడా జోలికి వెళ్ళడమే అవుతుందేమోనని భయం కాబోలు.

ఒక పొద్దున నేను పై చెక్కకి వెళ్ళేసరికి ఎండుమాను కింద మట్టి పెళ్ళలు పడి ఉన్నాయి. గుమ్మం పగిలింది. ఆడపక్షి కొమ్మ మీద కూర్చుని, ఇన్నాళ్ళూ ఒకచోట ముడుచుకున్న రెక్కలు ఒకటొకటిగా చాచి చూసుకుంటోంది. తోక ఈకలు నలిగిపోయి ఉన్నాయి. అందమైన దృశ్యమే. నేను చూడదలచుకోలేదు. ఆ పెళ్ళలు ఏరి వేరు కింద దాచాను. పక్షిని మాత్రం దాచలేకపోయాను.

మా మరిది కబురు చేశాడు. రంపం మిషను అతను వచ్చాడు. ఆడపిల్ల పుట్టిందట, నిద్ర లేదట, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎక్కడ మొదలుపెట్టమంటారు?"

"ముందు ఎండుమాను," అన్నాడు మా మరిది. అని నడుస్తూ, పై చెక్క మొదట్లో ఆగిపోయాడు. అక్కడ అద్దం గంపతో నిలబడి ఉంది. గంప ఖాళీ. దారికి అడ్డంగా ఆకుల పరుపు, చెట్టు చెట్టుకీ కలిసిపోయి, ఎండుమాను దాకా పరుచుకుని ఉంది.

"ఏంటిది?"

"దిబ్బండీ," అంది అద్దం.

"దిబ్బ షెడ్డు వెనకుంది."

"వెళ్ళి చూసిరండి."

అతను వెళ్ళి చూసొచ్చాడు. షెడ్డు వెనక నున్నటి నేల మీద, చీపురు గీతల మధ్య, బోర్డు ఒక్కటే నిలబడి ఉంది.

"దిబ్బ జోలికి రానని ఎవరన్నారు?" అంది అద్దం.

"దిబ్బని ఇలా పరిస్తే..." అన్నాడు అతను, అని నా వంక తిరిగాడు. "వదినా, ఇది నీ ఆలోచనేనా?"

"నా వరసలు వంకరగా ఉంటాయి. చూస్తే తెలియడం లేదూ, ఎవరివో?"

అతనికి కోపం వచ్చింది. కోపం వస్తే నేల చూస్తూ నడుస్తాడు. నేల నిండా ఆకులే కాబట్టి తలెత్తి నడవాల్సి వచ్చింది. తలెత్తి నడిచేసరికి చెట్ల మొదళ్ళు కళ్ళకెదురయ్యాయి. ఒక చెట్టు దగ్గర ఆగాడు. వంగాడు. రెండో పూత ఇంకా పూర్తిగా విచ్చుకోనేలేదు. అయినా తాను వేసిన సున్నానికి కాస్త పైన, పెసరగింజంత పచ్చటి పిందెలు. చూపుడువేలితో ఒకదాన్ని తాకి, పక్క చెట్టు దగ్గరికి వెళ్ళాడు. దాన్నీ తాకాడు. తర్వాత దిగి కింది చెక్కలోకి వెళ్ళాడు. ఎండలో కాసేపు ఒక్కడే నిలబడ్డాడు. అక్కడ తాకడానికి ఏమీ లేదు.

మేం ముగ్గురం పైన నిలబడి చూస్తున్నాం. రంపం మిషను అతను నిలబడే కునుకు తీస్తున్నాడు. ఏమైనా మాట్లాడితే అతను పంతానికి పోతాడు, మా ఇంటి మగవాళ్ళ సంగతి నాకు తెలుసు. ఒకణ్ణి చివరిదాకా చూసుకున్నాను. అద్దం నోరు తెరవబోతే చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

అతను పైకి వచ్చాడు.

"అరటి బోదెలు కోస్తావా?" అన్నాడు మిషనతనితో.

"బోదెలకి మిషనెందుకండీ, కత్తి చాలు."

"మిషను మోసుకొచ్చావుగా, కొయ్యి. గెల తీసేసినవన్నీ బిళ్ళలుగా కోసి పైకి మొయ్యి. బోదె త్వరగా కుళ్ళుతుంది."

"పెద్ద చెట్లు?"

"వాటిని కోస్తే ఇదంతా ఎండిపోతుంది. కళ్ళు లేవా నీకు?" అని విసుక్కున్నాడు, ఆ సంగతి ఆ మిషనతను ఎన్నాళ్ళుగానో దాచినట్టు.

మిషనతను అరటి బోదెలు కోశాడు. ఆ నీళ్ళు చింది తలనుంచి కాళ్ళ దాకా తడిసి, పూర్తిగా నిద్ర మేలుకున్నాడు. మా మరిది షెడ్డు వెనక్కి వెళ్ళి బోర్డు పీకి తెచ్చి పై చెక్కలో పెద్ద చెట్టు పక్కన పాతాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అయినా అతనే చెప్పాడు.

"అక్కడుంటే దారికి అడ్డం."

షెడ్డు వెనక దారి లేదు. అద్దం వెళ్ళి బోర్డు మీద మట్టి మరకని తడిగుడ్డతో తుడిచింది.

పై చెక్క అలా మిగిలింది. సంఘం ఆవిడ మళ్ళీ వచ్చే ఏడు వస్తుంది. అప్పుడు ఏమంటుందో చూడాలి. బోర్డు జరిగిందని గమనిస్తే మా మరిదే సమాధానం చెప్పుకుంటాడు. అతను అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నుసుముల గురించి చెబుతున్నాడు. తానే వాటిని పెంచినట్టు చెబుతాడు.

నా చెట్లు నాకున్నాయి గానీ, నా వేరు మీద మాత్రం ఇప్పుడు కూర్చోవడానికి లేదు. దాని కింద జెర్రులు కాపురం పెట్టాయి. మొదటి రోజు కూర్చుని, వెంటనే లేచాను. అద్దం అది చూసి, ఇంటికెళ్ళి ఒక ముక్కాలి పీట తెచ్చింది. ఆకుల మీద వేసి, ఊగకుండా చూసి, పైన కొంగుతో తుడిచింది. ఇంకో పీట కూడా తెచ్చి పక్కన వేసుకుంది.

"ఇక్కడ కూర్చుని ఏం చేస్తావక్కా?"

"ఏమీ చెయ్యను."

ఆమె కూర్చుంది. చెట్టు మీంచి ఒక ఆకు రాలి ఆమె ఒళ్ళో పడింది. చేత్తో తీసింది. ఎక్కడ వేయాలా అని అటూ ఇటూ చూసి, చివరికి వరసలోనే పెట్టింది.